కుంగలేదు, కూర్చుంది

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో చేరిన రోజున గుమాస్తా నీ పనేమిటని అడిగితే, లోయిజోస్ గోడలు కడతానన్నాడు. సున్నంతోనా, సిమెంటుతోనా అన్నాడు గుమాస్తా. "దేంతోనూ కాదండీ" అన్నాడు లోయిజోస్. గుమాస్తా కాగితం మీద 'కూలి' అని రాసుకున్నాడు.

సైప్రస్‌లో త్రూదోస్ కొండవాలు మీద పుట్టినవాడతను. ఆ వాలులో ద్రాక్షతీగ బతకాలంటే మెట్లుమెట్లుగా గోడలు కట్టి మట్టిని ఆపాలి. రాయి మీద రాయి, లోపల గులకరాళ్లు, అంతే. తాతా తండ్రీ చేసిందీ అదే. వరసగా రెండేళ్లు వానలు పడక తోటలు ఎండిపోయాయి. గోడ కట్టమని పిలిచేవాళ్లు లేక, ముప్పయ్యో ఏట పయనీరు దళంలో చేరాడు. ఆ దళం చేతికి పారా గునపం ఇస్తుంది. తుపాకీ లేదని అతనెప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. చెల్లెలి భర్త హాంబిస్ కంచరగాడిదల దళానికి వెళ్లాడు. మూడేళ్లు తిరిగేసరికి ఇద్దరూ ఇటలీ కొండల్లో ఒకే దారి మీద తేలారు. దారిని బాగుచేసేది ఒకడు, దాని మీద నడిచేది ఇంకొకడు.

పైన శిఖరం మీదున్న సైనికులకు తిండి, తూటాలు వెళ్లేది ఆ దారినే. అందులో ఒక మలుపు శత్రువుకు కనబడదు కాబట్టి పగలే దాటేవారు. అక్కడ దారి జారకుండా అంతకుముందు ఎవరో కట్టిన సిమెంటు గోడ వెనక వాననీళ్లు నిండి, ఒక ఉదయం పొట్ట ఉబ్బి పగిలిపోయింది. రెండు కంచరగాడిదలు, వాటిని నడిపే మనిషి లోయలో పడ్డారు. ఆ మనిషి హాంబిస్‌కు పది అడుగుల వెనక నడుస్తున్నాడు.

కొత్త గోడ లోయిజోస్ గుంపు వంతుకొచ్చింది. దాని మీద మొదట దాటేది హాంబిస్ వరసే.

లోయిజోస్ ప్రతి రాయినీ దాని పొడుగు కొండలోపలికి పోయేలా పెట్టించాడు. గోడ మొత్తం కొండ మీదికి ఒరిగి ఉండాలన్నాడు. తను మాత్రం రోజంతా గులకరాళ్లు ఏరి, చేతికి కదిలిన ప్రతి రాయి కిందా కొట్టి బిగించాడు.

"మేం బండలు మోసి చస్తుంటే, ఈ మహానుభావుడు పెళ్లానికి హారం గుచ్చుతున్నాడ్రా" అన్నారు గుంపులోవాళ్లు వెనక నుంచి.

"మీ మెడకు సరిపోయేవి కూడా పక్కన పెట్టాను, దిగులుపడకండి" అన్నాడు లోయిజోస్ తల తిప్పకుండానే.

సార్జంట్ వెల్బీ వచ్చి ఇంగ్లీషులో గట్టిగా ఏదో అన్నాడు. ఇంగ్లీషు వచ్చిన కార్పొరల్ జెనోన్ దాన్ని తిప్పి చెప్పాడు.

"సిమెంటు ఎందుకు ముట్టుకోలేదంటున్నాడు. నీళ్లు పోయే తూములెక్కడున్నాయంటున్నాడు."

"గోడంతా తూమేనని చెప్పు. నీళ్లకు అడుగడుగునా సందుంటే గోడనెందుకు తోస్తాయి?"

సార్జంట్‌కు ఆ జవాబు నచ్చలేదు. వాన పడనీ, చూద్దామన్నాడు.

ఆ వారమే ఇంటి నుంచి భార్య ఉత్తరం వచ్చింది. నాలుగేళ్ల కూతురు పొలం గోడల మీద మేకపిల్లలా పరుగెడుతోందట, ఆపడం తన వల్ల కావడంలేదట. లోయిజోస్ ఆ గోడలన్నిటినీ మనసులో ఒక్కొక్క రాయి చొప్పున తడిమి చూసుకున్నాడు. తర్వాత జెనోన్ చేత జవాబు రాయించాడు: "నేను కట్టినవాటి మీద పరిగెత్తనీ. పక్కింటి ప్రోద్రోమోస్ గోడ మాత్రం ఎక్కనివ్వకు."

గోడ పూర్తయ్యాక రెండు రోజులు ఆగకుండా కురిసింది. మూడోరోజు ఉదయం కంచరగాడిదలు బరువులతో మలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాయి. గోడ కట్టినన్నాళ్లూ పైవాళ్లకు మనుషులు వీపున మోసిన తిండి కూడా వానతో ఆగి రెండు రోజులైంది. సార్జంట్ అంచు వెంట దారం లాగి చూశాడు. గోడ నడుమ రెండు వేళ్ల మందం దిగింది.

"కుంగిపోయిందంటున్నాడు. ఎవరూ దాటొద్దంటున్నాడు" అన్నాడు జెనోన్.

"కుంగలేదు. కూర్చుంది" అన్నాడు లోయిజోస్. "రాళ్లు ఒకదాన్నొకటి చూసుకుని సర్దుకున్నాయి. సర్దుకున్నాక ఇక కదలవు. కుంగితే పొట్ట బయటికి వస్తుంది. రమ్మను, కిందికి దిగి చూపిస్తా."

సార్జంట్ దిగి చూశాడు. పొట్ట రాలేదు. ప్రతి సందులోంచీ నీళ్లు కారుతున్నాయి. అయినా అతని మొహం తేటపడలేదు. పైకి వచ్చి, తోలేవాడు ఒప్పుకుంటే ఒక్కదాన్ని పోనివ్వమన్నాడు.

హాంబిస్ ముందుకొచ్చాడు. "ఏం బావా, దాటమంటావా?"

"మా చెల్లెలికి మొగుడు కావాలి. అయినా దాటమనే అంటున్నా."

"నీ మాట నమ్మే మీ చెల్లెల్ని చేసుకున్నాను. మళ్లీ నమ్మాలంటే కాస్త ధైర్యం కావాలి." హాంబిస్ నవ్వబోయి ఆగిపోయాడు. ముందున్న ఎర్ర కంచరగాడిద మెడ మీద చెయ్యి వేశాడు. "ఆ రోజు ఇది ఇక్కడే నాలుగుసార్లు మొరాయించింది బావా. నేనే కొట్టి దాటించా. నా వెనకాలోడు పోయాడు. ఈసారి లాగను. దీని ఇష్టం."

తాడు వదులు చేసి, పక్కన నిలబడ్డాడు.

ఎర్రది మూతి వంచి రాళ్లను వాసన చూసింది. ఒక డెక్క పెట్టింది, తీసేసింది. ఆపడానికి సార్జంట్ చెయ్యెత్తి ఉన్నాడు. గోడలోపల ఒక గులకరాయి టక్కుమంది. ఆ చప్పుడు లోయిజోస్ ఎరిగినదే, బిగిసేటప్పుడు వస్తుంది. కానీ కంచరగాడిదకు ఎలా చెబుతాడు? అది చెవులు ముందుకు తిప్పి కాసేపు విన్నది. మళ్లీ డెక్క పెట్టింది, ఈసారి తీయలేదు. బరువు కొండకు రాసుకోకుండా ఆ జాతికి అంచు పట్టుకుని నడిచే అలవాటు. గోడ చిట్టచివరి రాళ్ల మీదుగానే నింపాదిగా నడిచి, అవతలికి వెళ్లి తోక ఊపింది.

హాంబిస్ దాని వెనక నడిచాడు. అతని వెనక వరసంతా కదిలింది.

మధ్యాహ్నం పొద్దు వాలుతుండగా వాళ్లు గాయపడినవాళ్లను మోసుకుంటూ దిగారు. వాన మళ్లీ పట్టుకుంది. మలుపులోకి వస్తూ హాంబిస్ కేకేశాడు. "పైన మాకు బిస్కెట్లు పెట్టారు బావా. పళ్లు ఊడాయి. ఒక్క ముక్క హల్లూమి జున్ను, ఒక ఉల్లిపాయ దొరికితే ఈ ఇటలీ మొత్తం వాళ్లకే వదిలేసి పోతా."

గొణుగుతూనే మలుపు దాటాడు. అతను గానీ, వెనకవాళ్లు గానీ కాళ్ల కింద ఏముందో చూడలేదు. లోయిజోస్ పార భుజాన వేసుకుని, పైన రెండో వంపులో జారిన దారి వైపు నడిచాడు.