కంచంలోకి రాని ముద్దలు

నాకేదో అయిందని మొదట కనిపెట్టింది నేను కాదు, రెజిమెంటల్ బజార్‌లో చింతపండు అమ్మే ఆయన. ఆ రోజు బస్సు దిగి, సంచీ పట్టుకుని ఆయన కొట్టు దాకా నడిచాను. ఆయన నా కాళ్ళ వైపు చూసి, "అమ్మా, ఇంకో చెప్పు ఏడ బోయింది?" అన్నాడు. చూసుకుంటే కుడికాలికి చెప్పు లేదు. వెనక్కి వెళ్తే బస్టాపు దగ్గరే పడి ఉంది. మండుటెండలో అంత దూరం వట్టి కాలితో నడిచానన్నమాట. చెప్పు జారినట్టూ తెలియలేదు, రోడ్డు కాలినట్టూ తెలియలేదు. ఇంటికొచ్చి ఈ కథ చెప్పి అందరినీ నవ్వించాను. ఆ నవ్వులు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వారి రైల్వే ఉద్యోగం వల్ల సికింద్రాబాద్ వచ్చి, తిరుమలగిరిలో ఫ్లాటు కొనుక్కుని ఉండిపోయాం. అవి సాఫ్ట్‌వేరు ఉద్యోగాలు జోరుగా వస్తున్న రోజులు. మా అబ్బాయి శ్రీనుకి మాదాపూర్‌లో ఉద్యోగం, మధ్యాహ్నం క్యాబ్ ఎక్కితే తెల్లారగట్ల దిగేవాడు. తన ఆఫీసులోనే పనిచేసే సునీతని ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాడు. సునీత పుట్టిల్లు బన్సీలాల్‌పేట్. ఆమెది పగటి డ్యూటీ. వాళ్ళ పాపని చూసుకుంటూ, అందరికీ వండిపెడుతూ ఇంట్లో నేను.

మా ఇంట్లో ఏ ఇద్దరికీ ఒకేసారి ఆకలి వేసేది కాదు. పొద్దున్నే సునీత టిఫిన్ తిని పరిగెత్తేది. తర్వాత మా వారు అన్నం తిని ఆఫీసుకి వెళ్ళేవారు. ఆయన చెయ్యి కడుక్కునేసరికి పాప లేచేది. శ్రీను పడుకుని లేచి ఒంటిగంటకి తినేవాడు, క్యాబ్ వచ్చే ముందు మళ్ళీ ఏదో ఒకటి. రాత్రి మా వారు, ఆయన తర్వాత సునీత. ఒక పెద్ద స్టేషన్‌లో క్యాంటీన్ నడిపినట్టుండేది.

నేను పుట్టి పెరిగిన ఇంట్లో వరసగా పీటలు వేసి, అందరం ఒక్కసారి కూర్చునేవాళ్ళం. ఒక మనిషి ఒక్కడే కూర్చుని గోడ చూసుకుంటూ తినడం నేను భరించలేను. అందుకని ఎవరు తింటున్నా పక్కన కూర్చునేదాన్ని. మా వారు, "ఏటే, అలాగ చూత్తావేటి? నువ్వూ ఓ ముద్ద తిను" అనేవారు. సునీత అయితే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. "అత్తమ్మా, జెర కూసోండ్రి. ఒక్కదాన్నే తినబుద్ధి కాదు" అనేది. నేను కంచం పెట్టుకునేదాన్ని కాదు. అరచేతిలో ఒక ముద్ద, గిన్నె మూతలో కాస్త కూర. పాప వదిలేసినది పారెయ్యలేక మరో ముద్ద. దానికి నేను తోడు ముద్ద అని పేరు పెట్టుకున్నాను. అందరూ తిన్నాక, పొయ్యి దగ్గర నిలబడి కంచంలో పెట్టుకుని తినేదే నా లెక్కలో నా భోజనం.

చెప్పు సంగతి నవ్వులాటగా అయిపోయాక కూడా సునీత వదల్లేదు. "కాలికి వేడి ఎర్కలేదంటే గది చిన్న ముచ్చట కాదు అత్తమ్మా" అని నన్ను టెస్టులకి లాక్కెళ్ళింది. ఫాస్టింగ్ షుగర్, పోస్ట్ లంచ్, హెచ్‌బీఏ1సీ, అన్నీ ఎక్కువే. బరువు ఎనభై దాటింది. డాక్టరుగారు మా అబ్బాయి వయసువాడే, మంచివాడు. "అమ్మా, ఇది ఈ రోజు వచ్చింది కాదు, చాలా కాలంగా ఉంది. కాళ్ళలో నరాలు మొద్దుబారుతున్నాయి, న్యూరోపతీ మొదలైంది. వెయిట్ తగ్గాలి. ఒకసారి రెటీనా కూడా చూపించుకోండి" అన్నాడు. అద్దాలు పెట్టుకుంటే సూదిలో దారం ఒక్కసారికే ఎక్కిస్తున్నాను కదా, నా కళ్ళకేం అనుకున్నాను. చూపించుకోలేదు.

డైటీషియన్ ఒక ఛార్టు ఇచ్చింది. దాన్ని ఫ్రిజ్‌కి అతికించి, దేవుడి పటంలా చూసుకున్నాను. మధ్యాహ్నం ఒక కప్పు అన్నం అంటే ఒక కప్పే, రాత్రి రెండు పుల్కాలంటే రెండే. పండగ రోజు బొబ్బట్టు ముట్టలేదు. పొద్దున్నే పరేడ్ గ్రౌండ్ వైపు నడక కూడా మొదలుపెట్టాను. ఇంత చేస్తున్నానని నాకు గర్వంగా ఉండేది. నడకలో కలిసే ఆడవాళ్ళకి క్లాసులు కూడా పీకేదాన్ని.

బరువు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. మూడు నెలలకోసారి డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళేదాన్ని. సునీత వస్తానంటే, "నీకు సెలవు దండగ, నానెల్లొత్తాను" అనేదాన్ని. డాక్టరు రిపోర్టు చూసి తల పట్టుకునేవాడు.

"డైట్ ఫాలో అవుతున్నారా అమ్మా?"

"ఛార్టులో ఉన్నదే తింతన్నాను బాబూ."

"రోజుకి ఎన్నిసార్లు తింటారు?"

"పొద్దున్న రెండు ఇడ్లీలు. తరవాత రెండు పూటలే. మద్దేన అన్నం, రాత్రి పుల్కాలు. ఇంకేటి తింతాను?"

ప్రమాణపూర్తిగా చెబుతున్నాను, అది అబద్ధమని నాకు తెలియదు. తోడు ముద్ద తిండి అని ఎవరనుకుంటారు? అది పక్కన కూర్చోవడంలో ఒక భాగం. డాక్టరు నా మాట నమ్మి డోసు పెంచాడు. మొదట్నుంచీ వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్ మాత్రకి గ్లిమిపిరైడ్ మాత్ర కలిసింది, ఆ గ్లిమిపిరైడ్ డోసు మళ్ళీ పెరిగింది. అప్పటికి షుగర్ కాస్త దిగింది. "మీది మొండి షుగర్ అమ్మా" అన్నాడాయన. నాలాగే మొండిదని ఇంట్లో అందరూ ఆటపట్టించారు. రెండేళ్ళు అలా గడిచాయి.

అంతలో సునీత తమ్ముడికి పెళ్ళి కుదిరింది. ఒక్కగానొక్క తమ్ముడు. పెళ్ళికూతురిది సిద్దిపేట అవతల ఒక ఊరు, పెళ్ళి అక్కడే. ఆడపడుచుగా సునీత చేయాల్సిన లాంఛనాలెన్నో ఉన్నాయి. ఎన్ని నెలల నుంచో చీరలు కొంటూ, జాకెట్లు కుట్టించుకుంటూ పిల్ల నేల మీద నిలవలేదు. నా మోకాళ్ళు అప్పటికి బస్సు మెట్లు ఎక్కనిచ్చేవి కావు. నేను ఇంట్లో ఉంటాను, మీరందరూ వెళ్ళండి అన్నాను. మా వారు కూడా వాళ్ళతో వెళ్ళారు. వియ్యాలవారి పెళ్ళికి ఇంటి పెద్ద వెళ్ళకపోతే బాగుండదు కదా.

ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. ఒక్కదానికి ఏం వండుతాం? ఇంత చారు కాచుకున్నాను. ఛార్టులో ఉన్నట్టే కొలుచుకుని తిన్నాను. మాత్రలు మాత్రం ఒక్కటి కూడా మానలేదు. పక్కన ఎవరూ లేరు కాబట్టి తోడు ముద్దలు లేవు. బతుకులో మొదటిసారి ఆ ఛార్టుని నిజంగా పాటించింది ఆ రెండు రోజులే.

రెండో రోజు పొద్దున బట్టలు ఆరేస్తుంటే చేతులు వణికాయి. ఒళ్ళంతా చెమట. బనీను తీగ మీద వెయ్యబోతే తీగ ఎక్కడుందో తెలియలేదు. గుండె దడదడలాడింది. నోరు తెరిచి ఎదురింటావిడని పిలుద్దామనుకున్నాను, ఆవిడ పేరు గుర్తురాలేదు. అంతే. బాల్కనీలో పడిపోయిన చప్పుడు విని ఆవిడే, దగ్గరగా వేసిన తలుపు తోసుకుని వచ్చి, ఆటోలో నర్సింగ్ హోముకి తీసుకెళ్ళిందట. షుగర్ నలభై కూడా లేదట. నరానికి గ్లూకోజ్ ఎక్కించాక కళ్ళు తెరిచాను. ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారు.

ఎదురింటావిడ పెళ్ళివారికి ఫోన్ చేసింది. సాయంత్రానికి మా వాళ్ళందరూ మంచం చుట్టూ ఉన్నారు. సునీత పెళ్ళి పట్టుచీరతోనే వచ్చింది, కాళ్ళకి పసుపు ఇంకా తడిగానే ఉన్నట్టుంది. తమ్ముడు తాళి కట్టకముందే జీపెక్కి వచ్చేసిందని అప్పుడు తెలిసింది. ఆ పిల్ల నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది.

మా డాక్టరు కూడా వచ్చి చూశాడు. "ఇన్నాళ్ళూ దిగని షుగర్ ఒక్కసారి ఎందుకిలా పడిపోయింది? ఏం మార్చారమ్మా?" అని అడిగాడు.

"ఏటీ మార్చలేదు బాబూ. ఎప్పుడూ తిన్నట్టే తిన్నాను, రెండు పూటలే."

"రెండు పూటలా?" అంది సునీత. "డాక్టర్, అత్తమ్మ రాత్రి నాతోని తింటరు. పొద్దుగాల టిఫిన్ కాడ సుత."

మా వారు వింతగా చూశారు. "నీతోనా? రోజూ రెండు పూటలా నాతోనే కదా తింతాది."

"మధ్యాహ్నం నాతో తింటుంది నాన్నా" అన్నాడు శ్రీను. "నాకు తోడుగా ఆ ఒక్క పూటే తింటోందనుకున్నాను."

ప్రతివాళ్ళూ నేను తమతోనే తింటున్నానని అనుకున్నారు. డాక్టరు వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టాడు. ఒక చెయ్యి చాలలేదు. "అమ్మా, ఆ తిండికి సరిపడా నేను డోసు పెంచుతూ పోయాను. ఆ తిండి ఆగిపోయి, డోసు మాత్రం మిగిలింది" అన్నాడు. అప్పుడు సిగ్గుతో చచ్చిపోయాను. దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాను.

ఈసారి ఆయన ఊరుకోలేదు, పూర్తి చెకప్ చేయించాడు. కళ్ళ డాక్టరమ్మ కంట్లో చుక్కల మందు వేసి, ఒక్కో కన్నూ రెండేసిసార్లు చూసింది. కొన్నాళ్ళుగా కుడి కంటి ముందు నల్లటి నూలు పోగులాంటిది కదులుతుంటే, అది అద్దాల మీద మరక అనుకుని కొంగుతో తుడుస్తూ వచ్చాను. అది రెటీనాలో కారిన రక్తమట. "ఎడమ కన్ను లేజర్‌తో కాపాడతాను. కుడి కన్ను విషయంలో మాటివ్వలేను. రెండేళ్ళ కిందట వచ్చి ఉంటే రెండూ దక్కేవి" అంది ఆవిడ. లేజర్ చాలాసార్లు చేశారు. ఎడమది నిలిచింది, సాయంత్రమైతే కాస్త మసక. కుడిది వెలుతురుందో లేదో చెబుతుంది, అంతకు మించి ఏమీ చెప్పదు.

కొత్త ఛార్టు రాసేటప్పుడు డైటీషియన్ అడిగింది. "అందరికీ తోడు కూర్చుంటారు సరే. మీ కంచం మీరు పెట్టుకున్నప్పుడు మీతో ఎవరు కూర్చుంటారు?"

నాకు కోపం వచ్చింది. నాకెవరు కూర్చోవాలి, నేనేమన్నా చిన్నపిల్లనా అనబోయాను. తోడు కావలసింది వాళ్ళకని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆ పెద్ద ఇంటి నుంచి వచ్చి, ఈ ఫ్లాటులో తలుపులు మూసుకుని, ఒక్క మనిషి పక్కనైనా కూర్చోవాలని కొట్టుకుపోయింది నేను. తోడు నేనే కోరుకున్నాను. నోరు తెరిచి అడగడం చేతకాక ముద్దలు మింగాను.

ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు రాత్రి రెండు కంచాలు పెట్టాను. "నాతో కూకుని తినండి" అని మా వారికి చెప్పాను. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటింది, ఆయనని అలా అడగడం అదే మొదలు. ఆయన నా కంచం చూసి, "ఇదేటి, ఇంతేనా నీ బువ్వ?" అన్నారు. నా భోజనం ఎంతో ఆ మనిషి ఏనాడూ చూడలేదు. ఆయన్నేం అంటాను, నేనేనాడైనా చూడనిచ్చానా?

ఇప్పుడు మాత్రలు సగానికి సగం తగ్గాయి. పదిహేను కిలోలు తగ్గాను. మోకాళ్ళు బస్సెక్కుతున్నాయి. సునీత తినేటప్పుడు ఇప్పటికీ పక్కన కూర్చుంటాను, చేతిలో చిక్కుడుకాయలో గోరుచిక్కుళ్ళో పెట్టుకుని ఈనెలు తీస్తుంటాను. మొదట్లో ఉత్త చేతులతో కూర్చోలేక లేచి వంటింట్లోకి వెళ్ళేదాన్ని. వాళ్ళ తమ్ముడి పెళ్ళి ఆల్బమ్ వచ్చినప్పుడు, తాళి కట్టే ఫొటోలో ఆడపడుచు ఉండాల్సిన చోట వేరే ఎవరో అమ్మాయి నిలబడి ఉంది. సునీత ఆ పేజీ గబుక్కున తిప్పేసింది. ఆ పేజీని నేనిక సరిచెయ్యలేను.

ఆదివారం చేపల పులుసు చేస్తే నాకు ముళ్ళు కనబడవు. మా వారు పక్కన కూర్చుని, ముళ్ళు ఏరి, ముక్కలు నా కంచం అంచున పెడతారు. ఒక్కోసారి ముల్లు వదిలేస్తారు, తిడతాను, ఆయనా తిడతారు. ఆ తిట్లు బాగుంటాయి. ఈ మాత్రం ముచ్చట రెండు కళ్ళూ ఉన్నప్పుడే అడిగి తెచ్చుకుని ఉండొచ్చు కదా అనిపించి, ఆ రోజంతా మనసు బాగుండదు.

నాలాంటి వాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. ఏం తింటున్నారని డాక్టరు అడిగినప్పుడు మీరు నోరు విప్పకండి. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందినీ వెంట తీసుకెళ్ళి, జవాబు వాళ్ళని చెప్పమనండి. రోజూ అందరితోనూ తిన్న నేను, డాక్టరు దగ్గరికి మాత్రం రెండేళ్ళు ఒక్కదాన్నే వెళ్ళాను.