ఎండమ్మ లైసెన్సు

మా మేనకోడలు మొట్టమొదట గెలిచింది మా ఇంటి గోడ మీది కరెంటు మీటరు మీద. అందులోని అల్యూమినియం చక్రం ఏళ్ళ తరబడి ఒకే వైపు తిరిగేది, మా జేబుకు చిల్లు పెట్టే వైపు. మూతపడ్డ ఫోను టవరు దగ్గర తూకానికి పోతున్న నాలుగు సోలార్ ప్యానెళ్ళను ఆమె రిక్షా బండిలో వేసుకుని తెచ్చింది. డాబా మీద బిగించి, మూడుసార్లు ఫ్యూజులు మాడ్చి, ఒకసారి చెయ్యి కాల్చుకుని, నాలుగోసారి ఒక ఆదివారం పదకొండున్నరకు స్విచ్ వేసింది. చక్రం నెమ్మదించింది. ఆగింది. తర్వాత వెనక్కి తిరగసాగింది.

"మామయ్యా, తొందరగా రా! మన కరెంటు వాళ్ళకి పోతోంది!"

"పోనీలే, ఇన్నాళ్ళూ వాళ్ళది మనం వాడుకున్నాంగా," అన్నాను కానీ, గుండె ఉప్పొంగింది. వాటర్ వర్క్స్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు పంపు ఆపరేటరుగా చేసినవాణ్ణి నేను. చదివింది ఊరి బళ్ళో అయిదో తరగతి. అయినా ఒక్క పూట కూడా నీళ్ళు ఆలస్యం చేశానన్న మాట పడలేదు. అన్నేళ్ళ సర్వీసులో వెనక్కి తిరిగే మీటరును మాత్రం చూడలేదు. ఆ నెల మాకు వచ్చిన బిల్లు మీటరు అద్దె మటుకే.

అప్పటికామె వయసు ఇరవై రెండు. మా చెల్లెలు బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ విభాగంలో పనిచేసేది. పగలంతా పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. ఇన్వర్టర్లు బాగుచేసే షాపులో మొదట ఊడ్చే పనికి కుదిరి, ఏడాది తిరిగేసరికి బల్ల మీద కూర్చుని పని చేసింది. ఆ తర్వాత సోలార్ బిగించే లైసెన్సు పరీక్షకు కూర్చుంది. మొదటిసారి పరీక్షాధికారి ఆమె నిచ్చెన ఎక్కుతుంటే నవ్వి, "జాగ్రత్తమ్మా, చీర తట్టుకుంటుంది," అన్నాడట. ఆమె వేసుకున్నది ప్యాంటు. ఆ ఏడు తప్పించారు. రెండో ఏడూ తప్పించారు. మూడో ఏడు తప్పించడానికి వాళ్ళకు సాకు దొరకలేదు. ఈ చుట్టుపక్కల ఆ లైసెన్సు సంపాదించిన మొదటి ఆడపిల్ల మా పిల్లే. దానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి, చొక్కా లోపలి జేబులో పెట్టుకునేది. ఆ కార్డు లేకుండా ఎవరి డాబా మీదా ఒక్క మేకు కూడా దిగ్గొట్టకూడదు. అంటే ఆమె బతుకంతా ఆ కార్డులోనే ఉంది.

ఆరేళ్ళలో నలభై ఒక్క ఇళ్ళకు ప్యానెళ్ళు బిగించింది. గొప్పకు చెప్పడం లేదు, నేను లెక్కపెట్టాను. ఒక్క డాబా కూడా ఉరవలేదు. ఒక్క ప్యానెల్ కూడా గాలికి లేవలేదు. నడివేసవిలో డాబా మీదే మకాం గనక వీధివాళ్ళు ఆమెకు ఎండమ్మ అని పేరు పెట్టారు. మా ఎదురింటి దర్జీ మిషన్లకు మోటార్లు పెట్టుకున్నాడు, కరెంటు ఇస్త్రీ పెట్టె కొన్నాడు. అయినా బిల్లు మునుపటిలో నాలుగో వంతుకు దిగింది. "మా ఎండమ్మ కడుపు చల్లగా ఉండాలి," అని అతని భార్య వీధిలో నిలబడి చెప్పేది. ఆ నోటితోనే తర్వాత ఏమన్నదో కూడా రాస్తాను.

ఇప్పుడు తప్పు సంగతి. దాచను.

ప్యానెళ్ళు బిగించాక కరెంటు ఆఫీసుకు దరఖాస్తు పెట్టాలి. వాళ్ళు వచ్చి, ఇంట్లోకి వచ్చే కరెంటునూ బయటికి పోయే కరెంటునూ విడివిడిగా లెక్కపెట్టే రెండువైపుల మీటరు పెట్టాలి. ఆ తర్వాతే స్విచ్ వెయ్యాలి. అది రూలు. ఆఫీసువాళ్ళు ఎనిమిది నెలలైనా వచ్చేవారు కాదు. పాత చక్రం మీటరు ఎలాగూ వెనక్కి తిరుగుతుంది కదా అని జనం ఆగలేదు.

దర్జీ అయితే వెంటపడ్డాడు. "అమ్మాయ్, డాబా మీద ఇంత సామాను పెట్టుకుని ఎండకేసి చూస్తూ కూర్చోమంటావా? నువ్వు స్విచ్ వేస్తావా, నన్ను వెయ్యమంటావా?"

"కాగితం రాలేదు బాబాయ్. రూలు ఒప్పుకోదు."

"కాగితం వచ్చేదాకా సూర్యుణ్ణి ఆగమని చెప్పు మరి!"

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వి స్విచ్ వేసింది. అలా పదిహేడు ఇళ్ళు. రీడింగు తీసేవాడికి కూడా తెలుసు. టీ తాగి, తల ఊపి వెళ్ళేవాడు.

రెండేళ్ళు గడిచాక పాత మీటర్లన్నీ పీకి, అంకెలు వెలిగే కొత్తవి పెట్టారు. మా ఇంటికీ మిగతావాళ్ళకూ అప్పటికే రెండువైపుల మీటర్లు వచ్చి ఉన్నాయి. మరుసటి నెల ఆ పదిహేడు ఇళ్ళ బిల్లులు ప్యానెళ్ళు లేనివాళ్ళ బిల్లులను మించిపోయాయి. వానలు తగ్గి ఎండ కాసినకొద్దీ ఇంకా పెరిగాయి. మూడో నెల దర్జీ మా గుమ్మంలోకి వచ్చి కాగితం ఊపాడు.

"ఏమ్మా, నీ ప్యానెళ్ళు తింటున్నది ఎండనా, నా కష్టాన్నా?"

"చూస్తాను బాబాయ్. తప్పెక్కడుందో చూడనీ."

"చూడ్డానికేముంది? మా ఆవిడ అప్పుడే అంది, నిచ్చెనెక్కే ఆడదాన్ని నమ్మకు అని."

కడుపు చల్లగా ఉండాలన్నది ఆవిడే. నేను లేచాను. మా పిల్ల నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, టెస్టరు తీసుకుని అతని వెంటే వెళ్ళింది. నేనూ వెనకాలే వెళ్ళాను.

మిట్ట మధ్యాహ్నం. ఇంట్లో ఫ్యాన్లు, మిషన్లు, ఫ్రిజ్జు అన్నీ ఆపించింది. ప్యానెళ్ళను మాత్రం ఆపలేదు. ఇంట్లో ఏమీ తిరగడం లేదు, మీటరులో అంకె మాత్రం పరుగెత్తుతోంది. ప్యానెళ్ళ స్విచ్ తీసింది. అంకె ఆగింది. మళ్ళీ వేసింది, మళ్ళీ పరుగు. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది.

"ఏంటే?" అన్నాను.

"ఈ మీటరుకి రావడం, పోవడం ఒకటే మామయ్యా. మనం వాళ్ళకి పంపించినదాన్ని కూడా వాడుకున్నామని రాసేస్తోంది. ఎండ ఎంత కాస్తే బిల్లు అంత." టెస్టరు ఒళ్ళో పెట్టుకుని, "రెండువైపుల మీటరు వచ్చేదాకా నేను ఆగి ఉంటే ఇది జరిగేది కాదు," అంది.

అప్పటికప్పుడు పదిహేడు ఇళ్ళలోనూ ప్యానెళ్ళు ఆపించింది. మర్నాడు ఆ ఇళ్ళవాళ్ళను వెంటబెట్టుకుని ఆఫీసుకు వెళ్ళింది. కారణం తనే కనిపెట్టింది. వాళ్ళ ఇంజనీర్లు కాదు. ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఆఫీసరు ఫైలు తిప్పుతూ విన్నాడు. "అంటే, అనుమతి లేకుండా రెండేళ్ళుగా కరెంటు లైన్లోకి ఎక్కిస్తున్నారన్నమాట. పదిహేడు ఇళ్ళకీ జరిమానా. ప్యానెళ్ళు విప్పించెయ్యాలి."

దర్జీ చేతులు కట్టుకుని, "సార్, మాకేం తెలుసు సార్, మేం చదువుకున్నవాళ్ళమా?" అన్నాడు.

"మీకు తెలియదా? మరి స్విచ్ ఎవరేశారు?"

ఆఫీసరు మా పిల్ల వైపు తిరిగాడు. "చూడమ్మా, ఇంటివాళ్ళకి చెప్పకుండా నేనే స్విచ్ వేశానని నువ్వు రాసిస్తే వీళ్ళ జోలికి పోను. పదిహేను రోజుల్లో రెండువైపుల మీటర్లు పెట్టిస్తా. బిల్లులు సరిచేయిస్తా. నీ లైసెన్సు మాత్రం ఒక ఏడాది ఆపుతాను. రాయనంటావా, వీళ్ళంతా కట్టుకుంటారు."

"చెప్పకుండా వెయ్యలేదు సార్," అంది.

"అలాగా? చెప్పిందా మీకు?" అని అడిగాడు ఆయన.

పదిహేడు ఇళ్ళ పెద్దమనుషులు ఆ గదిలో ఉన్నారు. ఒకాయన ఫ్యాను వైపు చూశాడు. ఒకాయన చెప్పు సవరించుకున్నాడు. దర్జీ తన బొటనవేలికున్న సూది గుచ్చిన మచ్చలు లెక్కపెడుతున్నట్టు నిలబడ్డాడు. సూర్యుణ్ణి ఆగమని చెప్పమన్న మనిషి!

"నేనున్నాను సాక్షిని," అన్నాను నేను. "వీళ్ళే వెంటపడ్డారు. నా చెవులతో విన్నాను."

"మీరెవరండీ?"

"మేనమామని."

"సొంతవాళ్ళ సాక్ష్యం చెల్లదు పెద్దాయనా, కూర్చోండి."

ఆమె నా వైపు చూసింది. "వద్దులే మామయ్యా. రూలు తెలిసినదాన్ని నేను. చెయ్యి నాది," అని కాగితం తీసుకుని రాసింది. కార్డును ప్లాస్టిక్ తొడుగుతో సహా బల్ల మీద పెట్టింది. ఆయన తొడుగు తీసి ఆమెకే తిరిగిచ్చి, కార్డును సొరుగులో వేసుకున్నాడు.

పదిహేను రోజులన్నది నెలన్నర అయింది కానీ, మీటర్లు వచ్చాయి. బిల్లులు మళ్ళీ పడిపోయాయి. ఇప్పుడా ఇళ్ళ ప్యానెళ్ళు చూసేది ఇంకో ఫిట్టరు. మొన్న దర్జీ భార్య కుళాయి దగ్గర ఎవరికో చెబుతోంది, "పాపం, మాకు చెప్పకుండానే చేసిందట, తనే రాసిచ్చింది కదా." నా బిందె సగమే నిండింది. అలాగే ఎత్తుకుని వచ్చేశాను.

లైసెన్సు అక్కర్లేని పని ఈ రంగంలో ఒక్కటే ఉంది, కడగడం. రెండు రోజుల ప్రయాణం దూరంలో కనుచూపు మేర ప్యానెళ్ళు పరిచిన పెద్ద సోలార్ కంపెనీ ఉంది. అక్కడ పొడుగాటి కర్రకు కట్టిన బ్రష్షుతో వరస తర్వాత వరస దుమ్ము కడుగుతోంది. నలభై ఒక్క ఇళ్ళకు బిగించిన చేతులు. పోయిన వారం ఫోను చేసింది.

"ఎలా ఉందే అక్కడ?"

"బోలెడంత కరెంటు మామయ్యా. మా షెడ్డులో మాత్రం ఒకటే బల్బు." నవ్వింది. "ఇక్కడ తొమ్మిదో వరసలో వైర్లు తిరగేసి కట్టారు. చెబితే, నీ పని కడగడమే అన్నారు."

"మరి?"

"కడుగుతున్నా."

దర్జీ ఏమైనా అన్నాడా అని అడిగింది. ఏమీ అనలేదన్నాను. అది నిజమే.

ఆఫీసులో ఉన్న కాగితం అబద్ధం. ఆ పదిహేడు ఇళ్ళవాళ్ళకూ చెప్పే చేసింది. వాళ్ళు అడిగితేనే చేసింది. మాట మీద నిలబడ్డది ఆమె ఒక్కతే. ఎవరికైనా కోపం వస్తే మా ఇల్లు తెలుసు, వచ్చి అడగవచ్చు.

ఏడాది గడువు నవంబరు పదిహేడుతో ముగుస్తుంది. అక్కడి లెక్క తేల్చుకుని, రెండు రోజులు ప్రయాణం చేసి, ఆమె ఇంటికి చేరేది నవంబరు ఇరవై, గురువారం ఉదయం.