ఆ చుక్కలు నేను వేసినవి కావు

ఈ మాట నా లోపల పదేళ్ళకు పైగా ఉంది. మా ఆయనకు చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. నువ్వెవరో నాకు తెలియదు కాబట్టి నీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందైతే మొదటి మాట దగ్గరే వేరే సంగతి ఎత్తుకుంటాను. పైకి చూస్తే చిన్న దొంగతనం. నాకు నేను అలాగే సర్దిచెప్పుకున్నాను. చిన్నదే అయితే ఇన్నేళ్ళు ఎందుకు మోశాను?

నేను యానిమేషన్ చేస్తాను. స్టూడియో బెంగళూరులో, ఇల్లు కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, మధ్యలో రైలు. పగలంతా బిస్కెట్ల ప్రకటనల కోసం కుందేళ్ళను నవ్విస్తాను. మిగిలిన వేళల్లో నా సొంత చిన్న సినిమాలు. బొమ్మల సినిమాలే అయినా పిల్లలకు చూపించేవి కావు. ఈ సంగతి జరిగినప్పుడు చేస్తున్నది వేరే గ్రహం కథ. అక్కడ కూలీలు గాలిని నేలలోంచి తవ్వి తీస్తారు. తీసిందంతా పైవాళ్ళకు పోతుంది. తవ్వినవాళ్ళు ఊపిరాడక చచ్చిపోతారు.

కథ కుదిరింది, రూపం కుదరలేదు. ఆ రోజుల్లో ఎవరి సైన్స్ ఫిక్షన్ చూసినా ఒకటే ఊరు. వానలో తడిసిన రోడ్డు, ఊదారంగు దీపాలు, ఆకాశాన్నంటే మేడలు. ఆ తళుకు చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఊపిరి కొరవైన చోట వెలుగు అలా ఉంటుందా? కంప్యూటర్‌లో ఎంత నలుపు పోసినా అది రంగులాగే ఉంది, లోతు రాలేదు.

అప్పుడు గంగన్న మామ ఎక్స్‌రేలు గుర్తొచ్చాయి.

మామ మా వెనక వీధి మనిషి. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో దిగాడు. గని మూతపడ్డాక మాలూరులో ఒక ఫ్యాక్టరీ గేటు కాశాడు, దగ్గు ఎక్కువై ఇంట్లో కూర్చున్నాడు. మా నాన్న గని ఆఫీసులో గుమాస్తా. నాన్న ఆఫీసుకు, అమ్మ బడికి పోతే నన్ను సాకింది మామ భార్య మునెమ్మత్తే. గనిలో ఉన్నప్పుడు తీసిన మామ ఛాతీ ఎక్స్‌రేలు వాళ్ళ అటక మీద ఒక కవర్లో ఉండేవి. గ్రహణం వస్తే అత్త వాటిని దించి, వీధి పిల్లలందరికీ వాటిలోంచే సూర్యుణ్ణి చూపించేది.

ఒక ఆదివారం మామ నిద్రలో ఉన్నాడు, అత్త నీళ్ళకు పోయింది. కవరు తీసుకొచ్చేశాను. అడిగితే ఇచ్చేదే. మరి ఎందుకు అడగలేదు? ఎందుకమ్మా అంటే చెప్పాలి కదా. మీ ఆయన రొమ్ము నాకు గ్రహంలా కనబడుతోందని ఏ నోటితో చెప్పను?

స్కాన్ చేసి మళ్ళీ అటక మీద పెట్టేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నాను. స్కాన్లు చప్పగా వచ్చాయి. కింద దీపం ఉండే గాజుబల్ల మీద అసలు ఫిల్మ్ పరిచి, సూదితో ఒక మూల గీకాను. గీకిన చోట నలుపు లేచిపోయి వెలుగు పొడుచుకొచ్చింది. నాకు కావలసింది అదే. ఒక్కో ఫ్రేముకు ఇంకాస్త గీకడం, ఫొటో తీయడం, మళ్ళీ గీకడం. చెరిపి తిరిగి వేయడానికి అది కాగితం కాదు. పక్కటెముకలు సొరంగం గోడలయ్యాయి. రొమ్ము పైభాగంలో చెదిరి ఉన్న చిన్న తెల్లని చుక్కలు ఆకాశమయ్యాయి. చివర్లో ఆ ఆకాశం మొత్తం తెల్లబడిపోవాలి. దాని కోసం చుక్కల చుట్టూ ఉన్న నలుపునంతా గీకేశాను. ఆఖరికి చేతిలో మిగిలింది ఉత్త ప్లాస్టిక్.

సినిమాకు పేరొచ్చింది. ఆ నక్షత్రాలు అంత సహజంగా ఎలా వేశారని ఒకాయన సభలో అడిగాడు. గని మట్టి పోసిన మా ఊరి సైనైడ్ దిబ్బల మీద నిలబడితే ఆకాశం అలాగే ఉంటుందని చెప్పాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. అది కూడా ఒప్పుకోవాలి.

ఆ ఏడాదే మామకు దగ్గులో రక్తం పడింది. కొత్త ఎక్స్‌రేలో తెల్ల మచ్చలు చూసి, గనిలో ఉన్నప్పటి ఫిల్మ్ తెమ్మన్నాడు డాక్టరు. మచ్చలు అప్పుడే ఉంటే గనిలో పీల్చిన రాతి దుమ్ము, కొత్తవైతే క్షయ కావచ్చు అన్నాడట. అత్త ఇల్లంతా తిరగేసి మా ఇంటికొచ్చింది.

"పాపా, మామ ఫిల్ముల కవరు యాడన్నా చూసినావా?"

"లేదత్తా."

"అయితే ఇంగ నేనే ఆ పాత సామాన్ల వానికి ఏసేసినట్టుండాను. ఫిల్ముల్లో ఎండి ఉంటాదని వాళ్ళు అడిగి అడిగి తీసుకుంటారు గదా. నా చేతులు పడిపోను."

దొంగకు తేలు కుట్టినట్టు నిలబడ్డాను. నీకు ఇంకో సంగతి చెప్పాలి. అసలు నేరం ఇదే. గీకకముందు చేసిన స్కాన్లు నా కంప్యూటర్‌లో ఉన్నాయి. ప్రతి చుక్కా ఉంది. ఆ పూటే ప్రింటు తీసి ఇచ్చి ఉంటే గోటితో పోయేది. కానీ ఇస్తే, ఎక్కడివని అడుగుతారు. అసలు ఫిల్ములు ఏవని అడుగుతారు. ఆ సిగ్గు తప్పించుకోవడానికి నోరు మూసుకున్నాను. ఒక మనిషి ఊపిరికీ నా మర్యాదకీ మధ్య నేను నా మర్యాదను ఎంచుకున్నాను.

పోల్చడానికి పాత ఫిల్మ్ లేక క్షయ మందులు మొదలుపెట్టారు. నెలల తరబడి మింగాడు. తిన్నది ఇమడలేదు, మనిషి సగమయ్యాడు. ఆ వాంతుల మధ్య అత్తను తిట్టేవాడు. "నా ఊపిరి గూడా తూకానికేసినావు గదే," అని. ఆ మాట నా చెవులతో విన్నాను. అత్త వంచిన తల ఎత్తలేదు. తర్వాత కోలారులో ఇంకో డాక్టరు ఇది దుమ్మే అని తేల్చాడు. అప్పటికి మామ మంచం దిగే స్థితిలో లేడు. ఆ చలికాలం దాటలేదు.

రాతి దుమ్ము జబ్బు నయమయ్యేది కాదట. ఫిల్ములు ఉన్నా బతికేవాడు కాదు. ఈ మాటను దుప్పటిలా కప్పుకుని ఎన్నేళ్ళు పడుకున్నానో. కానీ ఆ నెలల వాంతులు? ఆ తిట్లు? పోయే ముందు భార్య మీద కోపంతో పోయాడే, ఆ కోపం ఎవరిది?

అత్త ఇప్పటికీ ఉంది. పాత సామాను బండి అరుపు వినబడితే తలుపు వేసుకుంటుంది. నేను వెళితే ముద్ద కలిపి పెడుతుంది, తింటాను. చెప్పాలనుకునే వెళతాను, తినేసి వచ్చేస్తాను. ఇది రాశాకైనా చెబుతానా? నన్ను నేను నమ్మను. నువ్వు క్షమించాలని కూడా అడగడం లేదు, అది నీ చేతిలోది కాదు. నిజం ఒక్కచోటైనా ఉన్నదున్నట్టు ఉండాలి, అంతే. రాస్తుంటే గుండె కొంచెం తెరిపిన పడిన మాట నిజం.

మునెమ్మత్త ఏదీ అమ్మలేదు. ఆ ఫిల్ములు నేను తీసుకున్నాను. ఆమె అడిగినప్పుడు, నలుపంతా పోయి, అవి నా బల్ల మీదే ఉన్నాయి.