రెండు చుక్కల తేడా

తొమ్మిదో అంతస్తులో, గుర్గావ్ హైవే వైపున్న అద్దం ముందు నిలబడి, రెండు ప్రింటవుట్లు ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకి పట్టుకుని చూడడం ఆ ఏడాది నా ఉద్యోగం. ఒకటి నీలం గుర్తు బ్రౌజర్‌లో తీసింది, రెండోది నక్క బొమ్మ బ్రౌజర్‌లో తీసింది. రెండింటిలోనూ ఒకటే వెబ్ పేజీ. పేజీ నిండా డబ్బాలు, డబ్బాకీ డబ్బాకీ మధ్య గీతలు. ఎక్కడో విదేశంలో ఒక బీమా కంపెనీలో ఏ ఫైలు ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కి వెళ్ళాలో చూపించే బొమ్మ అది. డబ్బాని మౌస్‌తో పక్కకి లాగితే గీత కూడా దాని వెంట రావాలి. రెండు కాగితాల మీది గీతలూ ఒక్కటిగా కనిపిస్తే పాసైనట్టు. పక్కపక్కనే రెండుగా కనిపిస్తే మళ్ళీ మొదటికి.

ఆ అంతస్తులో ఒక్క కిటికీ కూడా తెరుచుకునేది కాదు. అద్దానికి అవతల మే నెల వడగాడ్పు, ఇవతల ఏసీకి స్వెటర్ వేసుకుని నేను. ఆ అద్దాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

గీతలు కలవడం నాకెందుకంత అవసరమో చెప్పాలి. మా ఆయనకి హైదరాబాద్‌లో ఉద్యోగం దొరికి జనవరిలోనే వెళ్ళిపోయారు. మూడున్నరేళ్ళ పాపని కూడా ఆయనతోనే పంపించాను. అక్కడ మా ఆడపడుచు పక్క వీధిలోనే ఉంటుంది. ఇక్కడ నేనుండే మయూర్ విహార్‌లో పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కి రాత్రి ఎనిమిదికి దిగే మనిషి దగ్గర పిల్ల ఎలా ఉంటుంది? మా కంపెనీకి హైదరాబాద్‌లోనూ ఆఫీసుంది, బదిలీ అడిగాను. రెండు బ్రౌజర్లలోనూ గీతలు కలిసి, పని ఇంకొకరికి అప్పగించగానే వదిలేస్తానని మేనేజరు మాటిచ్చాడు. జూన్‌లో పాపకి స్కూలు. మొదటి రోజు నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తానని ఫోన్‌లో పాపకి నేను మాటిచ్చాను.

మేనేజరు తెలుగువాడే. తండ్రి సైన్యంలో పనిచేయడంతో కంటోన్మెంట్‌లో పెరిగాడు. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చేవాడు. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే పోట్లాడైనా పోయేదాన్నేమో.

పని మాత్రం ఒక పట్టాన తెమిలేది కాదు. గీత గీయమని నీలందానికి ఒకలా చెప్పాలి, నక్కదానికి ఇంకోలా చెప్పాలి. రెండూ రాశాను. కానీ నీలందానిలో ప్రతి గీతా దాని చోటికి రెండు చుక్కల అవతల పడేది. తెర మీద బొమ్మంతా చుక్కలే కదా, అందులో రెండు. మామూలు కంటికి ఆనవు. అద్దం ముందు కాగితాలు పట్టుకుంటే మాత్రం వెక్కిరించినట్టు కనిపించేవి. మూడు వారాలు వాటితోనే గడిచాయి. క్యాబ్ వెనక సీట్లో ఇద్దరి మధ్య ఇరుక్కుని, టోల్ గేటు దగ్గర కదలని బళ్ళ వరసలో, మోకాళ్ళ మీద కాగితం పెట్టుకుని లెక్కలు వేసేదాన్ని.

చివరికి దొరికింది. ఆ బ్రౌజర్ పేజీ చుట్టూ కంటికి కనపడని అంచు ఒకటి పెట్టుకుంటుంది. దాని మందం సరిగ్గా రెండు చుక్కలు. నా లెక్కలో అది కూడా కలిసిపోతోంది. ఈ బ్రౌజర్ అయితే రెండు తీసెయ్ అని ప్రోగ్రాంలో ఒక్క వాక్యం రాసి, ప్రింట్లు తీసుకుని అద్దం దగ్గరికి వెళ్ళాను. ఒక్కటే గీత. అక్కడే నిలబడి ఏడ్చేశాను.

నా పని అప్పగించుకోవడానికి కరీంనగర్ నుంచి వచ్చిన కొత్తమ్మాయిని పెట్టారు. చురుకైన పిల్ల. నన్ను అక్కా అని పిలిచేది. వారం రోజులు పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించాను. ఆ వాక్యం దగ్గర ఆగి, ఈ రెండు ఎందుకు తీసేస్తున్నారని అడిగింది.

"అదంతే. తీయకపోతే గీతలు కలవవు" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు బాగా తెలుసు. ఆ అంతస్తు నిండా పెద్ద కాలేజీల ఇంజనీర్లు. నేను మామూలు డిగ్రీ చదివి, అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చినదాన్ని. వాళ్ళెవరికీ దొరకనిది నాకు దొరికింది. అన్నాళ్ళు ఏడ్చి పట్టుకున్నదాన్ని రెండు నిమిషాల్లో ఇంకొకరి చేతిలో పెట్టబుద్ధి కాలేదు. వెళ్ళిపోతున్నదాన్ని, అది నాతోనే వెళ్ళిపోనీ అనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం రైలుకి టికెట్ తీసుకున్నాను. బుధవారం మా క్లయింట్ బీమా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. వాళ్ళ కంప్యూటర్లన్నిట్లో నీలం బ్రౌజర్ కొత్త వెర్షన్ పెట్టారట, గీతలన్నీ పక్కకి జరిగిపోయాయట. ఆ రోజంతా కొత్తమ్మాయి దానితో కుస్తీ పట్టి, ఏమీ అర్థం కాలేదని సాయంత్రం మేనేజరుకి చెప్పింది. గురువారం పొద్దున నన్ను పిలిచారు. చూడగానే తెలిసిపోయింది. కొత్త వెర్షన్‌లో ఆ అంచు తీసేశారు. నా వాక్యం మాత్రం లేని అంచుని తీసేస్తూనే ఉంది. అంచు ఎంతుందో ముందు బ్రౌజర్‌నే అడిగి, అంతే తీసేలా మార్చాను. పది నిమిషాలు పట్టింది. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా సంతోషించాను.

మధ్యాహ్నం మేనేజరు గదిలోకి పిలిచి, సెప్టెంబర్ దాకా ఉండాలన్నాడు. ఇంకో రెండు బ్రౌజర్లలో కూడా గీతలు కలవాలని క్లయింట్ అడుగుతున్నారట, నేనే చేస్తానని వాళ్ళకి రాసేశాడట. మీరు మాటిచ్చారు కదా అన్నాను. ఎప్పటిలా హిందీలో ఏదో చెబుతాడనుకున్నాను. మొదటిసారి నాతో తెలుగులో మాట్లాడాడు.

"ఏం చెయ్యనమ్మా? నువ్వు తప్ప ఎవరికీ రాదు కదా."

ఎవరికీ రాకుండా చేసింది ఎవరో ఆయనకి తెలియదు.

సాయంత్రం మా ఆయనకి ఫోన్ చేశాను. "నాకు చెప్పి ఏం లాభం? పాపకి నువ్వే చెప్పు" అన్నారు. పిల్ల ఏడిస్తే ఏం చెప్పాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. అది ఏడవలేదు.

"అయితే స్కూలుకి నాన్న వస్తాడా?"

"వస్తాడు."

"సరే" అని ఫోన్ వాళ్ళ అత్తకిచ్చి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున ఆఫీసుకి వెళ్ళగానే కొత్తమ్మాయి పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అంచు సంగతి, రెండు చుక్కల సంగతి, నిన్న మార్చిందేమిటో, ఎందుకో, మొత్తం చెప్పాను. ఆ పిల్ల నోట్‌బుక్‌లో బొమ్మ వేసుకుని, కింద రెండు వాక్యాలు రాసుకుని తలెత్తింది.

"గింతేనా అక్కా? మొన్న అడిగినప్పుడే చెప్తే నేనే చేసేదాన్ని గదా."

కోపంగా అనలేదు. పెన్ను మూత పెట్టుకుంటూ మామూలుగా అంది. అవునన్నాను.

ఆ సాయంత్రం నా రైలు కదిలే వేళకి నేను క్యాబ్ వెనక సీట్లో, ఇద్దరి మధ్య, టోల్ గేటు దగ్గర ఆగి ఉన్నాను.