తఖ్తా ఉల్టా

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో ఎవరైనా తుమ్మినా వెనక కుట్ర ఉందనుకునేవారు. పోలీస్ యాక్షన్ ఇంకా రాలేదు గానీ, అనుమానం మాత్రం ముందే వచ్చి అందరిళ్లలో పీట వేసుకుంది. మా మేనమామ బేకరీలో నేను ఆర్డర్లు రాసేవాణ్ణి (పద్దెనిమిదేళ్లు, ఉర్దూ చదువు, అక్కర్లేనంత నోరు). బొల్లారం దొరసాని ఒకావిడ ఆరు యాపిల్స్ పంపి, ఫ్రెంచివాళ్లు చేసే తిరగేసిన టార్ట్ కావాలంది. పెనంలో అడుగున చక్కెర పాకం, దాని మీద యాపిల్ ముక్కలు, పైన పిండి రొట్టె. కాలాక పెనం మీద చెక్క మూసి, రెండూ కలిపి బోర్లించాలి. ఆ చెక్కను మేం తఖ్తా అంటాం. అందుకని ‘శుక్రవారం సాయంత్రం అయిదింటికి తఖ్తా ఉల్టా’ అని ఉర్దూలో రాసి గోడ మేకుకు గుచ్చాను.

శుక్రవారం బన్ను కోసం వచ్చిన పోలీసు జమాదారు ఆ చీటీ చదివి నమలడం ఆపేశాడు. ఉర్దూలో తఖ్తా ఉల్టా చేయడమంటే సర్కారును కూలదోయడం. (ఈ సంగతి నాకు ఆయన కళ్లు చూశాక గుర్తొచ్చింది.)

"ఎవరి తఖ్తా?"

"మా మామది, సాబ్."

"జట్టుల ఎంతమంది?"

"ఆరుగురు, సాబ్. కోసి పెట్టినం."

మామ ముఖం మైదాపిండి రంగుకు తిరిగింది. "నీ నోరు పడిపోను! సాబ్, వీనికి జెర తిక్క. గవి యాపిల్స్!"

"అయిదు దాంక ఈడనే కూసుంట. యాపిల్స్ కనవడకుంటే ఇద్దరూ ఠాణాకు నడువుండ్రి."

అయిదయింది. మామ పెనం బోర్లించాడు. ఏమీ పడలేదు. జమాదారు లేచి నిలబడ్డాడు. నేను అప్పడాల కర్రతో పెనం వీపున నాలుగు వాయించాను. దభీమని టార్ట్ పడింది. జమాదారు రొట్టె ఎత్తి, కింద కాగితాలేమైనా ఉన్నాయేమో చూసి, ఒక ముక్క తిన్నాడు. అనుమానం తీరలేదు కాబోలు, ఇంకో మూడు తిన్నాడు. దొరసానికి మిగిలినదే వెళ్లింది.

సరిగ్గా వారానికి, మళ్లీ శుక్రవారం సాయంత్రమే, నిజాం లొంగిపోయాడని రేడియో చెప్పింది. మర్నాడు జమాదారు టోపీ లేకుండా వచ్చి, అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సచ్ చెప్పు తమ్మీ. వారం ముందుగాల నీకెట్ల ఎరుక?"

జన్మలో మొదటిసారి నా నోరు ఊరుకుంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేసి, నాకు సలాం కొట్టి వెళ్లిపోయాడు.

పోలీసులు నాకు కొట్టిన సలాం అదొక్కటే. నిజం చెప్పి దాన్ని పాడుచేసుకునే ధైర్యం ఆ కుర్రాడికి లేదు. ఈ ముసలాడికీ ఇవాళ్టిదాకా రాలేదు.