గుండెనొప్పికి రిహార్సల్

జైల్లో అందరూ నన్ను సగం డాక్టర్‌ని చేయడానికి కారణం జీడిమెట్ల. అక్కడ ఒక మందుల ఫ్యాక్టరీలో నేను ప్యాకింగ్ పని చేస్తాను. తయారై వచ్చిన గోలీల షీట్లను అట్టపెట్టెల్లో పెట్టి మూత వేయడం నా పని. ఏ గోలీ ఏ రోగానికో నాకు తెలియదు, ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. కానీ బ్యారక్‌లో మొదటి రోజు ఎవరో "ఏం పని జేస్తవ్?" అంటే నోరు జారి "మందుల ఫ్యాక్టరీల" అన్నాను. సాయంత్రానికి నా చాప ముందు లైను కట్టారు. ఒకామెకు మోకాళ్ల నొప్పి, ఒకామెకు కడుపులో మంట, ఇంకొకామెకు మొగుడు గుర్తొస్తే చాలు చెయ్యి వణుకుడు. అందరినీ నీళ్లు ఎక్కువ తాగమన్నాను. ఇద్దరికి తగ్గిందట కూడా. నాకే ఆశ్చర్యం వేసింది.

నేను లోపలికి ఎందుకు వెళ్లానో కూడా చెప్పేస్తాను. లాల్‌గడి మలక్‌పేట్‌లో మా చేనుకు పోయే బాటకు అడ్డంగా లేఅవుట్ వాళ్లు రాళ్లు పాతారు. నేను పీకాను. వాళ్లు మళ్లీ పాతారు, నేను మళ్లీ పీకాను. ఆఖరుకు పీకిన రాయి వెళ్లి వాళ్ల కారు అద్దంలో పడింది. దానికి కాళ్లు లేవు కాబట్టి నేనే పంపించి ఉంటానని పోలీసులు తేల్చారు. ఆ మాట నిజమే. ఆ అద్దం మీద నాకు ఇప్పటికీ జాలి లేదు.

ఆడవాళ్ల జైల్లో పేర్లతో పెద్దగా పని ఉండదు, ఊరే పేరు. నా ఎడమ పక్క షామీర్‌పేట అవ్వ, కుడి పక్క బహదూర్‌పల్లి ఆమె. పక్క అంటే ఎంత పక్క అంటే, ఒకరు ఒత్తిగిలితే వరసంతా ఒత్తిగిలాల్సిందే. ఎండాకాలం. తలపైన ఫ్యాను తిరిగేది కానీ గాలి మా దాకా వచ్చే పని పెట్టుకునేది కాదు. పప్పులో పప్పును వెతుక్కోవాలి. ఇవన్నీ రెండు వారాల్లో అలవాటయ్యాయి. అలవాటు కానిది జబ్బు. బయట జబ్బు చేస్తే మనిషికి భయం. లోపల జబ్బు చేస్తే ముందు దాన్ని నిరూపించుకోవాలి.

ఎందుకంటే లోపల జబ్బుకు గిరాకీ ఎక్కువ. డాక్టరమ్మ రాస్తే రోజూ పాలు, గుడ్డు వస్తాయి. ఆ గుడ్డు కోసం మా బ్యారక్‌లో కళ్లు తిరగని ఆడది లేదు. డాక్టరమ్మ మంచి మనిషే. కానీ ఒక్క ఉదయంలో అన్ని మూర్ఛలు, అన్ని మూలుగులు చూసి చూసి ఆవిడకు మనుషుల మీద నమ్మకం అరిగిపోయింది. ఎవరేం చెప్పినా ఒకటే తెల్లగోలీ ఇచ్చి పంపేది. ఆ గోలీ ఏందో చెప్పమని బ్యారక్ అంతా నా మీద పడేది. నేను దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి చూసి, "మంచిదే" అనేదాన్ని.

మా అందరిలో అసలు సిసలు నటి బహదూర్‌పల్లి ఆమె. మొగుడు ఇంకో సంసారం పెట్టాడని తెలిసి అతని బైకు తగలబెట్టింది. పక్కనున్న వాళ్ల బైకులు కూడా అంటుకున్నాయి. "నేను కాలవెట్టింది ఒక్కటే సార్, తక్కినయి గాలి జేసింది" అని జడ్జితోనే అన్నదట. జామీను ఉండేవాళ్లు దొరక్క లోపలే ఉండిపోయింది. వాళ్ల చర్చిలో ఏటా క్రిస్మస్‌కు వేసే నాటకంలో దుర్మార్గపు రాజు వేషం ఆమెదే, గొంతు అలాంటిది. ఆఖర్లో ఆ రాజు చచ్చే సీను చూడ్డానికే పక్క కాలనీల నుంచి జనం వచ్చేవాళ్లట. ఆ చావునే కాస్త తగ్గించి జైల్లో గుండెనొప్పిగా వాడుకునేది.

గుడ్డు కోసం కాదు. ఆమెకు ఎనిమిదేళ్ల బిడ్డ ఉంది, అమ్మమ్మ దగ్గర పెరుగుతోంది. ఆరేళ్లు దాటిన పిల్లల్ని తల్లితో లోపల ఉంచనివ్వరు. ములాఖత్‌లో మధ్యన ఇనప జాలీ, అందులో వేలు కూడా దూరదు. అదే బయట పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు అమ్మమ్మ బిడ్డను పట్టుకొస్తుంది. కాపలా వచ్చిన పోలీసాయన అటు తిరిగి చాయ్ తాగుతాడు. ఆ చాయ్ అయిపోయేదాకా బిడ్డ ఒళ్లో ఉంటుంది. "ఆయనకు మస్తు కాగిన చాయ్ పొయ్యమని మా అమ్మతోని చెప్పిచ్చిన. సల్లారేదాంక తాగలేడు గద" అనేది. ఇంత ఆలోచించిన మనిషిని నేను ఫ్యాక్టరీ ఆఫీసులో కూడా చూడలేదు.

బయటికి పంపాలంటే పోలీసు కాపలా రావాలి. అది దొరకడం పెళ్లి ముహూర్తం కన్నా కష్టం. వచ్చినా మా బ్యారక్‌కు ఒక్కరికే. ఆ నెల వంతు బహదూర్‌పల్లి ఆమెకు ఖాయమైంది. గురువారం రమ్మని బిడ్డకు జైలు ఫోన్‌లో చెప్పేసింది కూడా.

ఇక అవ్వ. షామీర్‌పేట రోడ్డు పక్కన చేపలమ్ముతుంది. ఆమె కూర్చునే చోట ఎవడో కొబ్బరిబొండాల బండి పెడితే, చేపల బేసిన్ తీసి వాడి నెత్తిన వేసింది. చేపలతో సహా. నీళ్ల కుళాయి నుంచి బకెట్ తెచ్చుకుంటూ ఈ అవ్వ సగం దారిలో ఆగిపోవడం నేను రోజూ చూస్తున్నాను. రొమ్ముల మధ్య చెయ్యి పెట్టుకునేది, పెదవి మీద చెమట పట్టేది. ఏమైందంటే "జర ఎండ గొడుతాంది" అనేది. నిలబడింది నీడలో. నాకు గోలీల గురించి తెలియకపోవచ్చు, నీడకూ ఎండకూ తేడా తెలుసు. భయమేసింది. బతిమాలి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

"ఎట్లున్నవ్ అవ్వా?" అని అడిగింది డాక్టరమ్మ.

"మంచిగున్న బిడ్డా. నువ్వు మంచిగున్నవా?" అంది అవ్వ.

వార్డరు కసిరింది. "బిడ్డా ఏంది? మేడమ్ అనాలె."

"మంచిగున్న మేడమ్ బిడ్డా" అని సరిదిద్దుకుంది అవ్వ.

పెద్దవాళ్లెవరైనా ఎట్లున్నవ్ అని అడిగితే మంచిగున్న అనడం తప్ప ఆమెకు ఇంకో జవాబు తెలియదు. పలకరించిన మనిషి ముఖాన నొప్పి విసిరికొట్టడం మర్యాద కాదని ఆమె లెక్క. కొబ్బరిబొండాల వాడి విషయంలో ఈ మర్యాద ఎటు పోయిందో నేను అడగలేదు. ఇక డాక్టరమ్మను, పాపం, ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి తిరిగి ఎట్లున్నవని అడిగినవాళ్లు లేరు. ఆవిడ ముఖం మెత్తబడింది. "ఏం మంచి అవ్వా, నడుము పట్టేసింది" అంది. ఇక అవ్వకు పట్టపగ్గాల్లేవు. ఆముదం ఎట్లా కాచాలో, ఎట్లా రాయాలో, రాశాక ఏం తినకూడదో అన్నీ చెప్పింది. మధ్యలో నేను "మేడమ్, ఈమెకు గుండెల..." అంటే ఇద్దరూ కలిసి నన్ను ఊకోమన్నారు. టైమైపోయింది. డాక్టరమ్మ నడుముకు వైద్యం జరిగింది, మేం తెల్లగోలీతో తిరిగొచ్చాం.

బహదూర్‌పల్లి ఆమె తల కొట్టుకుంది. "గిట్లయితే నువ్వు సచ్చినంక గూడ మంచిగున్న అంటవ్" అని ఆ సాయంత్రమే రిహార్సల్ మొదలుపెట్టింది. మందుల ఫ్యాక్టరీ కాబట్టి డాక్టర్ వేషం నాది. తువ్వాలు మెడలో వేసుకుని కూర్చున్నాను.

"ఎట్లున్నవ్ అవ్వా?"

"మంచిగున్న బిడ్డా. నువ్వు..."

"ఆగు!" అని రాజు గొంతుతో అరిచింది బహదూర్‌పల్లి ఆమె. "ఎదురడగద్దు. మూలుగు."

"ఎట్ల మూలుగుత బిడ్డా, ఇంతమంది జూడంగ? సిగ్గుగాదూ?"

మళ్లీ చేశాం. మళ్లీ మంచిగున్న. బ్యారక్ అంతా చుట్టూ చేరి తలా ఒక మూలుగు చూపించారు. గుడ్డు తినేవాళ్లంతా తమ తమ రహస్యాలు ఉచితంగా చెప్పేశారు. నిజంగా జబ్బున్న ఆ ఒక్క మనిషికి మాత్రం ఏదీ పట్టుబడలేదు. చివరికి మాటలు వద్దని తేల్చారు. నోరు తెరవకుండా గుండె పట్టుకుంటే చాలు.

సోమవారం అవ్వ వెళ్లి ఎదురుగా నిలబడి చక్కగా గుండె పట్టుకుంది. కుడివైపు పట్టుకుంది, అయినా పట్టుకుంది. "ఏమైంది అవ్వా, ఎందుకట్లా పట్టుకున్నవ్?" అని అడిగింది డాక్టరమ్మ.

అవ్వ అబద్ధం ఆడే మనిషి కాదు. "గీ పిల్ల పట్టుకొమ్మన్నది బిడ్డా" అని నన్ను చూపించింది.

డాక్టరమ్మ ముఖంలో మెత్తదనం పోయింది. "నువ్వు గూడనా అవ్వా?" అంది. ఆ మాటకు అవ్వ కన్నా నేను ఎక్కువ నలిగిపోయాను. నన్నైతే బయటికి పొమ్మంది. అంతవరకు అవ్వ జబ్బు ఎవరికీ తెలియదు. మేమంతా కష్టపడి దాన్ని నాటకం చేసి పెట్టాం.

గురువారం పొద్దున అవ్వ కుళాయి దగ్గర బకెట్ వదిలేసి కూర్చుండిపోయింది. ముఖం బూడిద రంగు. జాకెట్టు మొత్తం తడిసిపోయింది. నేనూ బహదూర్‌పల్లి ఆమే చెరో రెక్క పట్టుకుని తీసుకెళ్లాం. డాక్టరమ్మ నన్ను చూడగానే "మళ్లీ మొదలువెట్టినరా?" అంది. గుండె చూసే మిషను రిపేరుకు పోయింది. బయటికి పంపుదామా అంటే కాపలా ఒక్కరికే, వ్యాను గేటు దగ్గర తయారుగా ఉంది, కాగితం బహదూర్‌పల్లి ఆమె పేరు మీద ఉంది.

"నా బదులు అవ్వను వంపుండ్రి మేడమ్" అందామె.

"నీ గుండెనొప్పి సంగతేంది మరి?"

బహదూర్‌పల్లి ఆమె ఒక్క క్షణం గేటు వైపు చూసింది. తరువాత ఉన్నట్టుండి రొమ్ము పట్టుకుని, కళ్లు తేలేసి, గోడ మీదుగా జారుతూ నేల మీద పడింది. కాళ్లు తన్నుకుంది. వార్డరు "నీళ్లు, నీళ్లు!" అని పరుగెత్తింది. తెలిసిన నాకే ఒళ్లు జల్లుమంది. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. అప్పుడామె లేచి కూర్చుని చీర దులుపుకుంది.

"జూసిండ్రు గద మేడమ్? ఇది నాటకం. మొన్న జేసింది గూడ ఇదే. ఇగ గామెను జూడుండ్రి. గామెకు నాటకం రాదు. నేర్పినం, రాలే."

అవ్వ బెంచీ మీద ఎలా కూర్చోబెట్టామో అలాగే ఉంది. ఎవరినీ చూడడం లేదు. డాక్టరమ్మ ఏం అడగకుండా చెయ్యి పట్టుకుంది, గుండె మీద గొట్టం పెట్టింది. చాలాసేపు పెట్టింది. తరువాత కాగితం మీద పేరు కొట్టేసి అవ్వ పేరు రాసింది. నాలుక కింద ఒక గోలీ పెట్టి, "జల్దీ తీస్కపోండి" అని వ్యాను దాకా తానే వచ్చింది. తిరిగొచ్చాక బహదూర్‌పల్లి ఆమెతో, "ఇది నేను రాయాల్సి వస్తది. ఇగ నీకు నిజంగ నొప్పొచ్చినా ఎవ్వరు నమ్మరు, తెలుసా?" అంది. కోపంతో అనలేదు. "ఎరికె మేడమ్" అందామె.

అంతకుముందు, వ్యాను కదలబోతుండగా, బహదూర్‌పల్లి ఆమె కిటికీ చువ్వ పట్టుకుని, "అవ్వా, ఆడ వరండల మా బిడ్డ కూసోని ఉంటది. నేను వస్తలేనని చెప్పనీకె ఇప్పుడు ఫోన్ జేస్తే గూడ అందది. జర..." అని ఆగిపోయింది. అవ్వ తలూపిందో, వ్యాను కుదుపుకు తల ఊగిందో మాకు తెలియలేదు.

అవ్వ చాలా రోజులకు గానీ రాలేదు. గుండెలో పూడిక తీసి, చిన్న స్ప్రింగు వేశారట, ఇంకొక పూట ఆలస్యమైతే మనిషి దక్కేది కాదన్నారట. చేతికి కట్టు, సంచి నిండా గోలీలు. బ్యారక్ అంతా మూగి స్ప్రింగు గురించి అడిగింది. బహదూర్‌పల్లి ఆమె మాత్రం దూరంగా నిలబడింది. అందరూ పోయాక వచ్చి కూర్చుంది.

"వచ్చిందా?"

"వచ్చింది. అమ్మ రాలేదా అని ఏడ్సింది. మీ అమ్మనే నన్ను దోలిచ్చింది బిడ్డా అని చెప్పిన. నేను చక్రాల మంచం మీద ఉన్న, గక్కడికే ఎక్కింది. గీ బుజం మీదనే తలవెట్టి పండుకున్నది. పోలీసాయన చాయ్ అయిపోయింది. జూసిండు, ఇంకో చాయ్ చెప్పిండు."

"ఏ బుజం?"

అవ్వ ఎడమ భుజం చూపించింది. "గప్పటి చీర గాదే ఇది. ఆడ మార్చిండ్రు."

"చీరెందుకు" అని బహదూర్‌పల్లి ఆమె ఆ భుజం మీద చెంప ఆనించింది. నాటకంలో అంత ఆరితేరిన మనిషి, గొంతు లేకుండా ఏడ్చింది. కట్టు ఉన్న చెయ్యి కదపొద్దని ఆసుపత్రిలో మరీ మరీ చెప్పి పంపారు. అవ్వ ఆ చెయ్యే ఎత్తి ఆమె వీపు మీద వేసింది.