వెనక సీట్లో మావయ్య

మంగళవారం పొద్దున, భవానీపూర్‌లో మా బ్యాంకు తలుపులు ఇంకా తీయకముందే అత్తయ్య ఫోను చేసింది. "మీ మావయ్య ఎల్లిపోనాడే అమ్మడూ. టీ తాగి గ్లాసు కింద పెట్టేడు. ఇంక పలకలేదు" అంది. గుండె ఆగిందని డాక్టరు చెప్పాడట. నాకు ఏడుపు వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి కూడా వచ్చింది, తప్పుగా అనుకోకండి, ఊరట. ఆయన బాధపడకుండా పోయాడని మాత్రమే కాదు, మా ఇద్దరి మధ్య మిగిలిపోయిన ఒక మాట చెప్పేసి పోయాడని. ఆ మాట గురించే ఇది రాస్తున్నాను. మధ్యలో ఒక మోటారు సైకిలు వస్తుంది, కాస్త ఓపిక పట్టండి.

మావయ్య మా అమ్మకు అన్న. శ్రీకాకుళం నుంచి బెంగాల్ వచ్చి, లిలువా రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేరి, రైలు పెట్టెలు బాగుచేస్తూనే రిటైరయ్యాడు. ఏ వస్తువు చేతికొచ్చినా వేలి కణుపుతో టక్కుమని కొట్టి, తల వంచి వినేవాడు. గ్యాసు సిలిండరు, తలుపు గడియ, నా హెల్మెట్, అన్నిటికీ అదే మర్యాద. ఒకసారి మా కొత్త మేనేజరు ఇంటికొస్తే ఆయన తెచ్చిన స్వీట్ల డబ్బాను కూడా కొట్టి విన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేదట. బాగుచేసిన పెట్టెను ట్రయల్‌కు పంపేటప్పుడు, పని చేసిన ఫిట్టరు అందులో ఎక్కాలి. మావయ్య దాన్ని ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. స్టూలు కాలు బిగిస్తే ముందు తనే దానిమీద నిలబడేవాడు. "సేసినోడే ఎక్కకపోతే ఇంకోడెందుకు ఎక్కుతాడే?" అనేవాడు. నాకు బండి నేర్పిందీ ఆయనే. నేర్పాడు కాబట్టి నా వెనక కూర్చునే మొదటి మనిషి తనే కావాలని పట్టుబట్టాడు. లిలువా మొత్తంలో ఆడపిల్ల వెనక కూర్చుని దర్జాగా వెళ్లిన మగవాడు అప్పట్లో ఆయనొక్కడే అనుకుంటాను.

ఉద్యోగంలో కుదురుకున్నాక నేనొక స్పోర్ట్ బైకు కొన్నాను. ఎర్రటిది, చూడగానే కళ్లు చెదిరేది. మావయ్య దాన్ని కొట్టి, విని, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడం మంచి లక్షణం కాదని నాకు తెలుసు. అయినా పట్టించుకోలేదు. ఆరేళ్ల కిందట వానాకాలంలో, గార్డెన్ రీచ్‌లో ఉన్న మా చుట్టాల ఇంటికి ఇద్దరం బయల్దేరాం. ఖిదిర్‌పూర్ దగ్గర రోడ్డు మలుపు తిరిగేచోట పాత ట్రాము పట్టాలున్నాయి. వాన అప్పుడే వెలిసింది. వెనక చక్రం పట్టా మీద జారింది. నాకు మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. మావయ్య మోకాలు విరిగింది. రాడ్డు వేశారు. అప్పటినుంచి చేతికర్ర లేకుండా ఆయన నడవలేదు.

ఆసుపత్రి వరండాలో అత్తయ్య నా మొహం చూడలేదు. గోడవైపు తిరిగి, "ఆడపిల్లకి అంత బండేటని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవులిన్నారు? నా మొగుడి కాలు తినీసింది" అంది. బండి తినేసిందందో, నేను తినేశానందో అడిగే ధైర్యం నాకు లేదు. వచ్చిన మొదటి మనిషికి బండి అమ్మేశాను. నాలుగేళ్లు లోకల్ రైలు, బస్సు, మెట్రో. మావయ్య ఇంటికి వెళ్లినప్పుడల్లా గేటు దగ్గరే కర్ర చప్పుడు వినిపించేది. ఆయన మాత్రం ఎప్పటిలాగే "ఏటే, తిన్నావా?" అనేవాడు. ఆ ప్రమాదం గురించి ఒక్క ముక్క మాట్లాడేవాడు కాదు. తిట్టినా బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

రెండేళ్ల కిందట ఒక ఆదివారం, అత్తయ్య బజారుకు వెళ్లిన సమయం చూసి, "బండి కొనుక్కోవే" అన్నాడు. నేను నవ్వాను. "నవ్వుతావేటి? నాను కూడా వొస్తాను. ఈసారి నాను సూసి ఎంచుతాను" అన్నాడు.

ఎంచడం అంటే మామూలుగా కాదు. నెల రోజులపాటు ఆదివారాలన్నీ దానికే పోయాయి. ఒక షోరూములో కుర్రాడు నాలుగు సిలిండర్ల బండిని గుర్రుమనిపించి చూపిస్తే, మావయ్య చెవిలో వేలు పెట్టుకుని, "ఇది కూత పెడతాది గానీ లాగదు. గొంతు సించుకుంటే గానీ బలం రాదు" అన్నాడు. టార్క్ అన్న మాట ఆయనకు తెలుసు, కానీ లాగుడు అనేవాడు. లాగుడు చూడాలంటే వంతెన ఎక్కుడులో, వెనక మనిషిని కూర్చోబెట్టుకుని, పూర్తిగా ఆగిపోయి, మళ్లీ కదలాలి. బండి మాట వింటుందో లేదో చూడాలంటే మనిషి నడిచేంత నెమ్మదిగా ఎనిమిది అంకె తిప్పాలి. "జోరుగా ఎల్తే అన్నీ బాగానే ఉంటాయి. మెల్లగా ఎల్లినప్పుడే బుద్ధి తెలుస్తాది" అనేవాడు. ఆ పరీక్షల్లో తప్పిన బళ్లు ఆరో ఏడో. నాకైతే ప్రతిసారీ భయమే. బళ్లు తప్పుతుంటే లోపల్లోపల సంతోషించేదాన్ని కూడా.

చివరికి ఓడలో ఇంజనీరుగా చేసి రిటైరైన ఒక బెంగాలీ పెద్దమనిషి దగ్గర ఒక విచిత్రమైన బండి ఉందని మావయ్యకు ఎవరో చెప్పారు. ఆయన ఇల్లు గార్డెన్ రీచ్‌లో. ఆ పేరు వినగానే నా ప్రాణం ఉసూరుమంది. మావయ్య టాక్సీ పిలిచేశాడు.

అలాంటి బండిని నేను అంతకుముందు చూడలేదు. రెండే సిలిండర్లు, అవీ పెద్దవి. పెట్రోలు ట్యాంకులో కాదు, చట్రంలోనే పోస్తారు. సైలెన్సరు ఇంజను కింద దాక్కుని ఉంది. ముందు చక్రం బ్రేకు డిస్కు మధ్యలో కాకుండా రిమ్మును చుట్టుకుని ఉంది. పొట్టిగా, దిట్టంగా, కాస్త కోపంగా కనిపించింది. అలాంటివి తయారు చేయడం ఎప్పుడో ఆపేశారని, విడిభాగాలు దొరకవని, అందరికీ నచ్చదని ఆ పెద్దమనిషి నిజాయితీగా చెప్పాడు. మావయ్య బండి రిజిస్ట్రేషను పుస్తకం చూసి కాగితాలు సరిగ్గా ఉన్నాయని తేల్చుకున్నాక, చట్రాన్ని కణుపుతో కొట్టి చాలాసేపు విన్నాడు.

"దాదా, ఏక్టు చాలియే దేఖి?" అని అడిగాడు. ఒకసారి నడిపి చూస్తామని. శ్రీకాకుళం యాసలో బెంగాలీ వినాలంటే మా మావయ్య దగ్గరే వినాలి. ఆ పెద్దమనిషి సంకోచిస్తుంటే మావయ్య తన చేతికర్ర తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఇది నీ కాడుండనీ. ఇది లేకుండా నానెక్కడికి పారిపోతాను?" అని తెలుగులోనే అన్నాడు. పెద్దమనిషికి భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమై పకపకా నవ్వి తాళం ఇచ్చాడు.

బండి కదలగానే తెలిసింది. యాక్సిలరేటరు తిప్పీ తిప్పనట్టు తిప్పినా, మొదటి నుంచే నిండుగా లాగుతోంది. నా చేతుల్లో భయం సగం దిగిపోయింది. అప్పుడు మావయ్య వెనక నుంచి, "ఖిదిర్‌పూర్ పద. ఆ మలుపు కాడికి" అన్నాడు. నేను బ్రేకు వేసేశాను. "రోడ్డు పొడిగా ఉందే. తడిలో రమ్మనేంత పిచ్చి నాకు లేదు. మెల్లగా తిప్పు" అన్నాడు.

మలుపులో బండిని వాల్చాను. వెనక నుంచి ఏదో బరువు బండిని అవతలి పక్కకు లాగినట్టయింది. హ్యాండిల్‌ను కాస్త నొక్కితే బండి బుద్ధిగా దారిలోకొచ్చింది. "మల్లీ తిప్పు" అన్నాడు. మళ్లీ అంతే. మూడోసారీ అంతే. అప్పుడు టీ కొట్టు దగ్గర ఆపమన్నాడు. నా భుజం పట్టుకుని దిగి, బల్ల మీద కూర్చుని, రెండు టీలు చెప్పాడు.

"దొరికిందే" అన్నాడు. "పెట్టెకి దోషమొస్తే అదే బరువేసి, అదే దారిలో మల్లీ నడపాల. అప్పుడే దొరుకుతాది. ట్రయల్లో పెట్టె మెల్లగా ఎల్తాది. వొంపు కాడ బయటి పట్టా ఎత్తుగా ఉంటాది కదా, పెట్టె లోపలికి ఒంగుతాది. నిలబడ్డోడు పడిపోకుండా బయటికి వాలతాడు. ముప్పై ఏళ్లు అలాగే నిలబడ్డాను. బండి మీద కూడా నా ఒళ్లు అదే సేస్తంది. నువ్వు ఇటు వాలితే నాను అటు వాలతన్నాను. ఆ రోజూ అదే సేసుంటాను."

కొట్టతను రెండు గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"నీ తప్పు లేదని అనను. తడి పట్టాని అడ్డంగా దాటాల, నువ్వు ఏటవాలుగా ఎక్కేవు. కారణాలు రెండు. ఒకటి నీది, ఒకటి నాది" అన్నాడు.

"నాలుగేళ్లు ఎందుకు చెప్పలేదు మావయ్యా?" అన్నాను.

"అనుమానమే గానీ రుజువు లేదు కదే. రుజువు లేకుండా ఏటి సెప్పమంటావు?" అన్నాడు ముందు. తర్వాత టీ గ్లాసులోకి చూస్తూ, "సిగ్గేసిందే అమ్మడూ. నేర్పినోడికే కూకోవడం రాదంటే సిగ్గు కాదేటి? నువ్వు బస్సులో ఎల్తంటే సూసి ఊరుకున్నాను. అది తప్పే" అన్నాడు.

ఆ టీ కొట్టు దగ్గర, దారినపోయేవాళ్లంతా చూస్తుండగా, వెక్కి వెక్కి ఏడ్చాను. నాలుగేళ్ల బరువు దిగితే మనిషి ఎంత తేలికవుతుందో మాటల్లో పెట్టలేను. తప్పంతా తనదే అని ఆయన చెప్పుంటే నన్ను ఓదార్చడానికి అంటున్నాడనుకుని నమ్మేదాన్ని కాదు. సగం నాకు ఉంచాడు కాబట్టి నమ్మాను.

బండి కొన్నాం. ఆ సాయంత్రమే మావయ్య అత్తయ్యకు ఉన్నదున్నట్టు చెప్పాడు. నాకు నాలుగేళ్లపాటు పడిన తిట్లన్నీ ఆవిడ దారి మళ్లించి ఆయన మీద పోసింది. ఆయన తల వంచుకుని విన్నాడు. తర్వాత అత్తయ్య వంటింట్లోకి వెళ్లి, నాకు కంచం పెట్టి, నెయ్యి రెండుసార్లు వేసింది. క్షమాపణ అడగడం ఆవిడకు రాదు.

దొరకని భాగాలు రెండు మూడు మావయ్య తనే తయారు చేయించాడు. బిగించినప్పుడల్లా నా వెనక ఎక్కి తిరిగొచ్చేవాడు. పాత అలవాటు మాత్రం అంత సులువుగా పోలేదు. వంపు వచ్చిన ప్రతిసారీ అవతలికి వాలేవాడు, నేను సర్దుకునేదాన్ని. బండీ సర్దుకునేది. ఇంట్లో కుర్చీలో కూర్చుని ఆయన అటూ ఇటూ వాలుతూ సాధన చేస్తున్నాడని అత్తయ్య నాకు రహస్యంగా చెప్పింది. "డెబ్బై దాటినాక ఇదేటి ఊగడం?" అని ఆవిడ బాధ.

పోయిన నెల ఆయన్ని కంటి పరీక్షకు తీసుకెళ్లాను. తిరిగొచ్చేటప్పుడు హుగ్లీ మీద కొత్త వంతెన దిగి, రోడ్డు గుండ్రంగా తిరిగేచోట, ఎప్పటిలాగే ఆయన బరువుకు సిద్ధపడి హ్యాండిల్ గట్టిగా పట్టుకున్నాను. బరువు రాలేదు. బండి ఊరికే, హాయిగా వాలింది. కుడి భుజం మీద ఏదో తగిలి ఓరగా చూస్తే, మావయ్య గడ్డం. నేను ఎటు చూస్తున్నానో అటే, వంపు లోపలికి చూస్తూ, ఊపిరి బిగబట్టి, నాతోపాటు వాలి ఉన్నాడు.